దేవర నిద్ర

ఆ ప్రదర్శనశాలకు మెట్ల కిందే చెప్పులు విడిచి వచ్చిన మనిషిని అంతవరకు ఎవరూ చూడలేదు. నాందేడ్‌లో గోదావరి ఒడ్డున, కోటకు దగ్గర్లో ఉన్న ఒక పాత వాడాకు, పెద్ద లోగిలికి, సున్నాలు వేసి, అద్దాల బీరువాలు పెట్టి తయారుచేసిన శాల అది. వచ్చేవాళ్ళు బూట్లతో టకటకా తిరిగి, ఫొటోలు దిగి, బయట చెరుకురసం తాగి వెళ్ళిపోతారు. ఎంకన్న మాత్రం ఒట్టి కాళ్ళతో వచ్చి, గడపకు మొక్కడానికి వంగాడు. ఆయన ఇంకా వంగి ఉండగానే బల్ల వెనక కూర్చున్న మంగేశ్ మరాఠీలో పిలిచాడు.

"కాకా, తికీట్ ఘ్యా."

ఎంకన్నకు మరాఠీ రాక కాదు, నమ్మకం కుదరక నిలబడిపోయాడు.

"టికీటు దేనికి?"

"లోపల చూడాలంటే టికీటు కావాలె" అన్నాడు మంగేశ్, తనకొచ్చిన తెలుగులో.

"నేను చూసేతందుకు రాలేదు బిడ్డా. లోపల మా దేవర ఉన్నడు. పల్కరించి పోత."

మంగేశ్ చెడ్డవాడు కాదు. అయినా నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే లోపలి తలుపు దగ్గర నిలబడ్డ రామదాస్ వైపు చూశాడు, ఈ ముసలాయనతో నువ్వే మాట్లాడు అన్నట్టు.

రామదాస్ ఖాకీ బట్టల్లో, నల్ల బూట్లలో నిలువునా చచ్చిపోయాడు. వచ్చింది సొంత మేనమామ. సారఖణి పక్కన తమ నాయకపోడు గూడెంలో, జాతర నాడు లక్ష్మీదేవర కట్టె మొకం తలకెత్తుకుని ఆడేది ఆయనే. తన ఉద్యోగమేమో వచ్చినవాళ్ళ టికెట్టు సగానికి చింపి లోపలికి వదలడం. బల్ల దగ్గరికి నడిచి, తన జేబులోంచే డబ్బు తీసి టికెట్టు కొన్నాడు. దాన్ని మామ చేతిలో పెట్టాడు, మళ్ళీ అదే చేతిలోంచి తీసుకుని చింపాడు. మంగేశ్ చూస్తుండగా చింపకుండా ఉండడానికి లేదు.

"దా మామా" అన్నాడు.

చివరి గదిలో, గోడ పొడవునా ఉన్న అద్దాల బీరువాలో మూడు మొకాలు ఉన్నాయి. గుర్రం తలలాంటి లక్ష్మీదేవర నడిమిన, ఎర్రటి పోతరాజు ఒక పక్క, మీసాల భీమన్న మరో పక్క. పొనికి కట్టెతో చెక్కినవి. పసుపు వెలిసిపోయి తెల్లబడింది, ఎరుపు పెచ్చులు లేచింది. పైన తెల్లటి ట్యూబులైటు వెలుగుతోంది. ఎంకన్న అద్దానికి అంత దూరంలోనే ఆగిపోయాడు. చేతులు జోడించాడు గాని, మొక్కు సగంలోనే ఆపి చేతులు దించేశాడు.

"కండ్లు కట్టలేదేందిరా?"

ఈ ప్రశ్న వస్తుందనే పోయిన జాతర నుంచి రామదాస్ గూడెం ముఖం చూడలేదు.

వాళ్ళ గూడెం ఆనవాయితీ ఒకటుంది. జాతర అయిపోగానే మొకాల కళ్ళకు పసుపు గుడ్డ కట్టి, వెదురుగంపలో పడుకోబెట్టి, రామదాస్ ఇంట్లో దూలానికి వేలాడదీస్తారు. ఇక ఏడాదంతా దేవరకు నిద్ర. మళ్ళీ హోలీనాటి కాముని పున్నం దగ్గరపడ్డప్పుడు గంప దింపి, రామదాస్ ఇంటివాళ్ళే కొత్త రంగులు దిద్దుతారు. కళ్ళు అన్నిటికన్నా చివర. కళ్ళు దిద్దినాక పెన్‌గంగకు తీసుకుపోయి స్నానం చేయిస్తారు, అప్పుడు జాతర. తాత దిద్దాడు, తండ్రి దిద్దాడు, తండ్రి చేయి పట్టుకుని రామదాస్ నేర్చుకున్నాడు.

"రాత్రిళ్ళన్న ఈ లైటు ఆర్పుతరా?" అడిగాడు ఎంకన్న.

"ఆర్పరు మామా. కెమెరాలున్నయ్."

"అంటే దేవర కన్ను మూయక ఏడాదాయె." ఎంకన్న గొంతు తగ్గిపోయింది. "నిద్రలేనోడు మనల ఏం సూస్తడురా? నువ్వన్న చెప్పద్దా?"

"చెప్పిన. నవ్విండ్రు."

అది అబద్ధం. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అతను ఎవరికీ చెప్పలేదు. వాచ్‌మన్ ఉద్యోగంతో పాటు శాల వెనక ఉండడానికి ఒక ఖోలీ ఇచ్చారు. కూతురు శీతల్ నాందేడ్ బడిలో పదో తరగతికి వచ్చింది. దేవరకు నిద్ర కావాలి, లైటు తీసేయండి అని చెప్పి ఆ ఖోలీని పోగొట్టుకునే ధైర్యం అతనికి లేకపోయింది.

"సరే తియ్. పున్నం అచ్చింది. తీస్కపోతందుకే అచ్చిన. గంప కింద చెప్పుల కాడ పెట్టిన" అన్నాడు ఎంకన్న.

"సారును అడగాలె మామా."

"అడుగుడేంది? ప్రతి ఏడు జీపుల తోలిస్త, డప్పు గూడ పెట్టిస్త అని అందరి ముంగట అనలేదా ఆయన?"

"అన్నడు. అయినా అడగాలె."

ఎంకన్న మేనల్లుడి బూట్ల వైపు చాలాసేపు చూశాడు. "మంచిది. ఉమ్రిల మా బిడ్డ సంగవ్వ ఇంట్ల ఉంట. మంగళారం అస్త. అప్పటికి అడిగి పెట్టు."

పోతూ పోతూ మెట్ల కింద గంపను పట్టుకెళ్ళలేదు. చెప్పులు మాత్రం వేసుకుని వెళ్ళాడు.

సూర్యకాంత్ సార్ ఆ శాల నడిపే సంఘానికి పెద్ద. పోయిన జాతర అయ్యాక గూడేనికి వచ్చి మొకాలను శాలకు, రామదాస్‌ను ఉద్యోగానికి తెచ్చింది ఆయనే. వాళ్ళ తాతలు నిజామాబాద్ వైపు నుంచి మగ్గాలతో వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, దుకాణంలో మరాఠీ, కోపం వస్తే దక్కనీ ఉర్దూ. రామదాస్‌తో ఎప్పుడూ తెలుగే మాట్లాడతాడు, అదీ మెత్తగా.

రామదాస్ విషయం చెప్పగానే ఆయన, "కూసో" అన్నాడు. ఎన్నడూ కూర్చోమనని మనిషి కూర్చోమంటే రామదాస్‌కు మోకాళ్ళు వంగలేదు. తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"మంగళారం పుణె నుంచి సారిక మేడం అస్తున్నది, ఎర్కేనా? ఆమె ఒక్క మాట అంటే మన శాలకు సర్కారు గుర్తింపు. ఆమె అచ్చేదే ఆ మూడు మొకాల కోసం. గసుంటివాటిని నువ్వు గంగల ముంచుతవా?"

"ముంచి మళ్ల తెచ్చి పెడ్త సార్."

"నీళ్ళు తాకితే రంగు పోతది. రంగు పోయినంక అండ్ల ఏముంటది, కట్టె. మీ ఆమె దీపంకుందెను ఏం చేసిందో మర్సిపోయినవా?"

రామదాస్ మరిచిపోలేదు, శాలలో ఎవరూ మరిచిపోలేదు. దీపావళికి ముందు చంద్రభాగ శాల ఊడుస్తూ, నల్లగా మాసిపోయిన ఇత్తడి దీపంకుందెను చూసి జాలిపడింది. చింతపండు, బూడిద పెట్టి తోమితే బంగారంలా మెరిసింది. తనే మెచ్చుకుని, దాన్ని తిరిగి అద్దంలో పెట్టింది. ఆ నెలలో పాత వస్తువుల పరీక్షకు వచ్చిన సారిక మేడం దాన్ని చూసి తల పట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఆ నలుపే దాని వయసు, మీరు వయసంతా తోమేశారు, ఇక దీనికీ బజారులో దొరికేదానికీ తేడా లేదు, తీసేయండి అంది. తీసేసిన కుందె రామదాస్ ఖోలీకి చేరింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అందులో వత్తి వెలుగుతుంది. గిన్నె తోమడం తప్పెట్లా అవుతుందో చంద్రభాగకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

"మీరు జీపుల తోలిస్త అన్నరు గద సార్" అన్నాడు రామదాస్. ఆ మాట అనగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

"అన్న. లేదంటలేను." సూర్యకాంత్ చిన్నబుచ్చుకోలేదు. "అప్పుడు వాటి విలువ నాకు తెల్వది. ఇప్పుడు తెలిసింది. నువ్వే చెప్పు, తెలిసి తెలిసి ఎట్ల ఇయ్యాలె?" అంతలోనే, "శీతల్ పరీక్షలు ఎట్ల రాస్తున్నది?" అని అడిగాడు.

"మంచిగనే సార్. ఇంక లెక్కలు, సైన్సు ఉన్నయ్."

"మంచిగ చదువుమను. ఈ ఖోలీ శాంతిగ ఉంటది చదువుకు. గూడెంల కరెంటు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. మేడం అచ్చిపోనీ, నీ నౌకరీ పక్కా చేస్త. మామకు నువ్వే మంచిగ చెప్పు."

ఆ మాటల్లో ఎక్కడా బెదిరింపు లేదు. కూతురి చదువు అడిగాడు, ఉద్యోగం పక్కా చేస్తానన్నాడు. అయినా బయటికి వచ్చేసరికి రామదాస్ చేయి ఖాకీ చొక్కా మెడ దగ్గరికి పోయింది. పై గుండీ విప్పుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గాని, కోపమంతా తిరిగి తన మీదికే వచ్చింది. ఆ మొకాలను దూలం మీంచి దించి, గుడ్డలు విప్పి, అద్దంలో పెట్టింది తన చేతులే.

ఆ సాయంత్రం జొన్నరొట్టె తుంచుతూ చంద్రభాగకు చెప్పాడు. ఆమె పొయ్యి మీంచి కళ్ళెత్తకుండానే విన్నది.

"సారు ఇయ్యకపోతే నువ్వేం జేస్తవు? మామకు గట్లనే చెప్పు."

"ఏమని చెప్పాలె? దేవరకు టికీటు పెట్టిండ్రు, జామీను దొరకలేదని చెప్పాల్నా?"

"పోరి పరీక్షలు ముంగటున్నయి. ఇప్పుడు సారుతోని లడాయి పెట్టుకుంటవా? పున్నం మళ్ల ఏడు రాదా?"

"దేవర ఇంకో ఏడు గట్లనే కండ్లు తెరుచుకొని కూసోవాల్నా?"

"మరి నేను చేసుకున్న పాపమేంది?" చంద్రభాగ అట్లకాడ కింద పడేసింది. "గూడెంల ఉన్నన్నినాళ్ళు పత్తి ఏరి ఏరి వేళ్ళు పోయినయి. దాన్ని గూడ గదే పనికి తోలమంటవా?"

శీతల్ పుస్తకంలోంచి తలెత్తలేదు. పేజీ మాత్రం తిప్పడం మానేసింది. గూట్లో ఇత్తడి కుందె వెలుగుతోంది. రామదాస్ రొట్టె చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. బజారు సామాను అన్న పేరు పడింది గనుకనే కదా అది అద్దంలోంచి బయటికి వచ్చి ఇంట్లో వెలుగుతోంది అనుకున్నాడు. ఆ ఆలోచనకు తనే భయపడి, రొట్టె పూర్తిగా తినకుండా లేచిపోయాడు.

ఆదివారం శాలలో కాలు పెట్టడానికి సందు లేదు. ఎవరో పిల్లవాడు అద్దం మీద టకటకా కొట్టి, భీమన్నకు నాలుక చూపించాడు. వాళ్ళమ్మ నవ్వింది. అద్దం ముట్టుకోవద్దు అని రామదాస్ చెప్పాడు. అలా చెప్పడమే అతని ఉద్యోగం. కాని ఆ రోజు గొంతు కాస్త గట్టిగానే లేచింది, ఆమె పిల్లవాణ్ణి లాక్కుని విసవిసా వెళ్ళిపోయింది.

సోమవారం శాలకు సెలవు. ఆ రోజు బీరువాలు తెరిచి లోపల దుమ్ము తుడవడం రామదాస్ పని, అందుకే తాళంచెవులు అతని దగ్గరే ఉంటాయి. పొద్దున్నే వజీరాబాద్ బజారుకు వెళ్ళి, రంగుల దుకాణం తెరిచేదాకా నిలబడి, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు చిన్న డబ్బాలు కొన్నాడు. రెండు కుంచెలు, గరుకు కాగితం. తాత కాలంలో రాళ్ళు నూరి, ఆకులు పిండి రంగులు చేసేవారట. తండ్రి నాటికే డబ్బా రంగులు వచ్చేశాయి. దేవర ఎప్పుడూ ఏమీ అనలేదు.

చివరి గదిలోకి వెళ్ళి బూట్లు విప్పాడు. గోనెపట్టా పరిచాడు. బీరువా తాళం తీసి, ముందు చేతులు కడుక్కుని వచ్చి, దేవరను దించాడు. ఎంత తేలికో ఆ కట్టె. అద్దం బయటినుంచి చూసీ చూసీ, అది బరువైనదని తనూ అనుకోవడం మొదలుపెట్టాడు.

మేడం మాట అతనికి గుర్తులేక కాదు. గుర్తుంది గనుకనే కూర్చున్నాడు. కొత్త రంగు పడితే ఇవి బజారు బొమ్మలు. బజారు బొమ్మలకు అద్దంలో చోటు లేదు. అద్దంలోంచి బయట పడ్డాక వీటిని ఆపేవాళ్ళు లేరు. ఆ తర్వాత తన ఉద్యోగం, ఖోలీ, శీతల్ లెక్కల పరీక్ష. అక్కడిదాకా వచ్చేసరికి ఆలోచన తెగిపోయేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. పైన కెమెరా చూస్తోంది. చూస్తే చూడనీ అనుకున్నాడు.

పెచ్చులు లేచిన చోటల్లా గరుకు కాగితంతో రుద్దాడు. రుద్దేకొద్దీ పసుపు కింద ఇంకో పసుపు, దాని కింద ఒక నీలం కనబడ్డాయి. ఆ నీలం తండ్రిది. ఆ ఏడు ఆకుపచ్చ దొరక్క నీలం వేసి, జాతరలో అందరిచేత తిట్లు తిన్నాడు. రామదాస్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చింతగింజల అంబలిలో సుద్దపొడి కలిపి గుంతలు పూడ్చాడు. ఫ్యాను కింద ఆరబెట్టి, తెల్లరంగు పట్టించి, మళ్ళీ ఆరబెట్టాడు. దేవర ఆరేలోగా పోతరాజు, పోతరాజు ఆరేలోగా భీమన్న. బయట మెట్ల మీద నీడలో కూర్చుని శీతల్ మరాఠీలో సైన్సు పాఠం పైకి చదువుకుంటోంది. ఆ గొంతు వినబడినంతసేపూ చేయి సాఫీగా నడిచింది. ఆగినప్పుడల్లా కుంచె కూడా ఆగింది.

చంద్రభాగ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. గదంతా రంగు వాసన. గోనెపట్టా మీద మూడు మొకాలు పెళ్ళిపిల్లల్లా పసుపుగా, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. కళ్ళు మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి.

"చేసినవా" అంది. అరవలేదు. గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. "పోరి బతుకు మీద రంగేసినవు."

"నన్ను తిట్టు. చెయ్యి మాత్రం ఆపకు. కండ్లు ఉన్నయి ఇంక."

"తిడ్తె ఆగుతవా నువ్వు?"

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాడు. కాసేపటికి తిరిగి వచ్చింది, చేతిలో ఇత్తడి కుందె, కొంగున పసుపు గుడ్డ. కళ్ళు దిద్దేటప్పుడు ఇంటి ఆడమనిషి దీపం పెట్టాలి. అత్త ఉన్నన్నాళ్ళు అత్త పెట్టింది, ఆ తర్వాత తను. చంద్రభాగ కుందెలో నూనె పోసి, వత్తి వెలిగించి, దేవర ముందు పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు కోపానివో భక్తివో ఆమెకే తెలియదు.

రామదాస్ సన్న కుంచెను నలుపులో ముంచి, ఊపిరి బిగబట్టాడు. ఒక్కో కన్ను ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ముందు దేవర, తర్వాత పోతరాజు, తర్వాత భీమన్న. చివరి కన్ను పూర్తయ్యేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొకాలను మళ్ళీ అద్దంలో పెట్టి తాళం వేశాడు. బూట్లు తొడుక్కున్నాడు.

మంగళవారం సారిక మేడం చివరి గదికి చేరకముందే రంగు వాసన ఆమెను చేరింది. రెండో గదిలోనే ఆగి గాలి పీల్చింది. పక్కనున్న సూర్యకాంత్, "సున్నాలు వేయించాం మేడం" అని మరాఠీలో సర్దిచెప్పి, చివరి గదిలో అడుగుపెట్టాడు. గుమ్మం దాటగానే ఆగిపోయాడు.

అద్దంలోంచి మూడు మొకాలు కళ్ళు విప్పార్చి చూస్తున్నాయి. ట్యూబులైటు కింద అవి సంతలో కొన్న బొమ్మల్లా మెరుస్తున్నాయి.

"యే క్యా కియా రే హరాంఖోర్!" సూర్యకాంత్ చేయి లేచింది. మేడం పక్కనుందని గుర్తొచ్చి దిగింది.

సారిక మేడం అరవలేదు. అద్దం దగ్గరగా వెళ్ళి, అటు చూసి, ఇటు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆమెకు నిజంగానే దుఃఖం వచ్చింది, అది రామదాస్‌కు కనబడింది. కనబడి మనసు కలుక్కుమంది. ఆ పాత రంగు మీద ప్రేమతోనే కదా ఆమె అంత దూరం నుంచి వస్తున్నది.

"ఎవరు చేశారు?" మరాఠీలో అడిగింది.

"నేనే మేడం."

"పాడవుతాయని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి ఎందుకు చేశావు?"

"పున్నం వచ్చింది మేడం" అన్నాడు రామదాస్.

ఆమె సూర్యకాంత్ వైపు తిరిగి, ఇవి ఇక తన పనికి రావని, గుర్తింపు జాబితాలోంచి వీటి పేరు తీసేస్తానని చెప్పింది. సరిగ్గా అప్పుడే ఎంకన్న గంప పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. బయట మంగేశ్ టికెట్టు అడిగాడో లేదో గాని, లోపలి అరుపులు విని ఆపలేదు. సూర్యకాంత్ ఆయన్ని చూసి, "దా, నీదే తక్కువ! తీస్కపో ఈ చెత్తనంత" అన్నాడు.

రామదాస్ తాళం తీశాడు. ఎంకన్న ఒక్కొక్క మొకాన్నీ రెండు చేతులా అందుకుని, చంద్రభాగ తెచ్చిన పసుపు గుడ్డ చింపి, ఒక్కోదానికి కళ్ళు కట్టాడు. తొందరపడలేదు. ఎంత మురిపెంగా ముడులు వేశాడంటే, మేడం కూడా మాట మరిచి చూసింది. గంప తలకెత్తుకుని, "నువ్వు పున్నానికి రా. దిద్దినోడు లేకుంటె తానమెట్ల?" అని మేనల్లుడితో అని మెట్లు దిగిపోయాడు.

రామదాస్‌కు గుండె తేలికైంది. ఏడాదిగా లేనంత తేలిక. ఖోలీకి పోయేసరికి చంద్రభాగ అప్పటికే గిన్నెలు మూట కడుతోంది. శీతల్ లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది.

"బాపు, రేపు లెక్కలు. ఏడికెళ్ళి పోవాలె పరీక్షకు?"

సంగవ్వ ఇల్లుంది ఉమ్రిలో, పొద్దున రైలు దొరికితే అందుకుంటావు అనబోయాడు రామదాస్. అంతలో మంగేశ్ వచ్చి, సారు పిలుస్తున్నాడన్నాడు.

సూర్యకాంత్ గొంతు మళ్ళీ మెత్తబడింది. పక్కన సారిక మేడం చాయ్ తాగుతోంది.

"కూసో రామదాస్" అన్నాడు. ఈసారి రామదాస్ కూర్చున్నాడు. "మేడం ఏమంటున్నదంటే, పాత సామాను పోతే పోయింది, చేసే చెయ్యి ఉన్నది గదా అంటున్నది. గదే అసలైన వారసత్వమట. అద్దాలు తీసేస్తం. గాడ నీకు గద్దె వేపిస్త. మీ పాత పద్ధతిల తలపాగ, ధోతి కట్టుకొని, మొకాలకు రంగులు దిద్దుకుంట కూసో. జనం చూస్తరు. నౌకరీ పక్కా. ఖోలీ నీదే."

మేడం మంచి మనసుతోనే నవ్వి, నీ చేతిలో ఒక గొప్ప కళ ఉంది, అది అందరికీ తెలియాలి అంది. రామదాస్ ఆమె మంచితనం నుంచి తప్పించుకునే దారి కోసం వెతికాడు. కోప్పడితే లేచి పోయేవాడు. చేయి ఎత్తినా పోయేవాడు.

"పున్నానికి రెండు దినాలు సెలవియ్యుండ్రి సార్. పోయి అస్త."

"పున్నానికే గదరా జనం! సిక్కుల హోలా మొహల్లా పండుగకు ఎక్కడెక్కడి యాత్రికులో అస్తరు నాందేడ్‌కు. పెద్ద పెద్దోళ్ళను పిలుస్తున్న. ఆ దినమే నిన్ను చూపియ్యాలె. ఈ ఒక్కసారి నా మాట విను."

వెనక ఖోలీలో చంద్రభాగ గిన్నెలు మూట కట్టడం ఇక్కడికి వినబడుతోంది. రామదాస్ ఆ చప్పుడు వైపు తల తిప్పాడు.

"మంచిది సార్" అన్నాడు.

శీతల్ లెక్కలు బాగా రాసింది, సైన్సు కూడా. మూట కట్టిన గిన్నెలు మళ్ళీ గూట్లోకి ఎక్కాయి.

పున్నం నాడు పెన్‌గంగ ఒడ్డున డప్పు మోగే వేళకు రామదాస్ చివరి గదిలో గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఎర్ర తలపాగా, కొత్త ధోతి. చుట్టూ ఇత్తడి కడ్డీల కటకటం. ముందర కొత్తగా చెక్కించిన మొకం ఒకటి, దానికి పేరు లేదు, ఏ దేవుడూ కాదు. మెల్లగా దిద్దమన్నారు, తొందరగా అయిపోతే చూసేవాళ్ళకు ఏమీ మిగలదు గనుక. అందుకని ఒకే చెంపకు పొద్దంతా పసుపు పూశాడు. మరునాడూ అంతే. జనం కటకటం మీద వాలి ఫోన్లు చాపేవారు. ఒకాయన మంగేశ్‌ను పిలిచి, "యే అస్లీ హై క్యా?" అని అడిగాడు. మంగేశ్ చాలా గర్వంగా, అసలుసిసలు ఆయనే అని చెప్పాడు. పైన ట్యూబులైటు. తలపాగా కింద కళ్ళు మండుతుంటే రామదాస్ రెప్పలు వాల్చేవాడు. వాల్చగానే ఎవరో ఒకరు, ఇటు చూడు కాకా, ఫొటో, అనేవారు.

పున్నం దాటిన తర్వాతి వారం ఎంకన్న వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. మంగేశ్ నోరు తెరవకముందే రుమాలు ముడి విప్పి టికెట్టు కొనుక్కుని, తనే సగానికి చింపి బల్ల మీద పెట్టి లోపలికి నడిచాడు.

కటకటం ముందు జనంలో నిలబడి మేనల్లుణ్ణి చూశాడు. రామదాస్ తలెత్తి, మామను చూసి, సిగ్గుతో మళ్ళీ తల దించుకున్నాడు. కుంచె మాత్రం ఆపలేదు.

"దేవర మంచిగ తానం చేసిండు" అన్నాడు ఎంకన్న. "నీ రంగు చెదర్లే. మీ ఇల్లు తాళమాయె గద, నా ఇంట్ల దూలానికి కట్టిన. పండుకున్నడు."

"రాలేకపోయిన మామా."

"తెలుసు. సంగవ్వ బజారుకచ్చినప్పుడు నిన్ను సూసిందట, చెప్పింది."

ఎంకన్న సంచిలోంచి సీసా తీశాడు. పెన్‌గంగ నీళ్ళు. భుజం మీంచి పసుపు గుడ్డ తీసి తడిపాడు. దేవర కళ్ళకు కట్టగా మిగిలిన ముక్క అది. కటకటం మీంచి వంగబోతుంటే మంగేశ్ పరుగెత్తుకొచ్చాడు. "కాకా, హాథ్ మత్ లగావో!" అన్నాడు గాని, ఆయన ముఖం చూసి అక్కడే ఆగిపోయాడు.

"జరసేపు కండ్లు మూసుకో అల్లుడా" అన్నాడు ఎంకన్న.

రామదాస్ కుంచె కింద పెట్టాడు. కళ్ళు మూసుకుని, తల కాస్త ముందుకు వంచాడు. తడి గుడ్డ చల్లగా వచ్చి రెప్పల మీద పడింది, అతని వరకు ట్యూబులైటు ఆరిపోయింది. ఎంకన్న తలపాగా వెనక, మెల్లగా, ముడి వేశాడు. ఎక్కడో ఫోను క్లిక్కుమంది, ఆ వెంటనే ఇంకొకటి. ఇటు చూడు కాకా అని ఎవరో పిలిచారు.

రామదాస్ ముడి విప్పలేదు.